దున్ననందుకు కూలి

మా పెద్దనాన్నకి చేతులు ఊరుకోవు. ఈ మాట మా ఇంట్లో అందరూ అంటారు గానీ మొదట అన్నది పెద్దమ్మ. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ ఎవరింటికో భోజనానికి వెళితే, వడ్డన కాస్త ఆలస్యమైందని ఈయన లేచి వాళ్ళ కిటికీ రెక్క ఊడదీసి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడట. ఇంటివాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేసరికి ఆయన నోట్లో నాలుగు మేకులున్నాయి. "ఈయనతో స్థిమితంగా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే రాత నాకు లేదని ఆ రోజే తెలిసిపోయింది" అంటుంది పెద్దమ్మ.

వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే పెరట్లో ఎదురుబొదురుగా ఉంటాయి. వాళ్ళకి పిల్లల్లేరు. నేను మా ఇంట్లో నిద్రపోయి వాళ్ళింట్లో పెరిగాను. పెద్దనాన్న సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి నడుస్తాడు. వెనక జేబులో ఎప్పుడూ ఒక కటింగ్ ప్లయరు ఉంటుంది. అది తీసి పక్కన పెడితే గానీ కుర్చీలో కూర్చోలేడు, కాబట్టి ఇక కూర్చోవడమే మానేశాడని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఊళ్ళో ఆయన్ని దుక్కాయన అంటారు. తొలి వాన పడ్డాక అందరికంటే ముందు ట్రాక్టరు తీసేది ఆయనే. పొరుగువాళ్ళు ఇంకా విత్తనాల ధర వాకబు చేస్తూ ఉండగానే ఈయన పొలం దుక్కి అయిపోయి ఎర్రగా కనిపించేది.

పొలమంటే మరీ గొప్పదేం కాదు. రోడ్డు పక్కన సన్నటి చదును ముక్క. దాన్ని పై చెక్క అంటాం. మిగతాదంతా వాలు. చదును అంచు నుంచి కిందికి జారుతూ జారుతూ వాగు ఒడ్డున ఆగుతుంది. పెద్ద వాన వస్తే వాలు మీది మట్టి వాగులోకి దిగేది. వాన వెలిశాక పెద్దనాన్న ట్రాలీ వేసుకుని కిందికి వెళ్ళి, వాగులోకి పోగా ఒడ్డున మిగిలిన మట్టిని పారతో ఎత్తి మళ్ళీ పైకి తెచ్చి పరిచేవాడు. వచ్చే వానకి అది మళ్ళీ దిగేది. "నాకూ వానకీ పందెం" అనేవాడు. ఎవరు గెలుస్తున్నారో చూసేవాళ్ళందరికీ తెలుసు. వాగులో పడ్డ మట్టి ఎటు పోతుందన్నది ఆయన ఏనాడూ ఆలోచించలేదు. పోయిందేదో పోయింది, ఉన్నదాన్ని దున్నాలి, అంతే.

ఆయనకి అరవై దాటిన ఏడాది, తడి ఆరకముందే వాలు మీదకి ట్రాక్టరు దింపాడు. వెనక చక్రం జారింది. బండి పక్కకి ఒరిగి పడిపోయింది. ఈయన ఎగిరి చాళ్ళ మధ్య పడ్డాడు. పెరట్లో పాలక్యాన్లు కడుగుతున్న పెద్దమ్మకి ఆ చప్పుడు వినిపించింది. చేతులు కూడా తుడుచుకోకుండా పరుగెత్తింది. నేనూ మా నాన్నా వెళ్ళేసరికి ఆవిడ ముందు ఇంజను ఆపి, తరవాత ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది.

"చూశావా, నాకంటే ముందు బండినే చూసింది మీ పెద్దమ్మ" అన్నాడు ఆయన నాతో, నొప్పికి పళ్ళు బిగించి.

"ఆపకపోతే మీ మీదకే దొర్లేది. మాట్లాడకండి" అంది ఆవిడ.

మెడ కింద ఎముక విరిగింది. కుడి భుజం జారింది. ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన ఇనప స్టూలు మీద పెద్దమ్మ కూర్చుంది. ఆవిడ కోపంగా ఉంటే గిన్నెలు చప్పుడు చేస్తాయి. అక్కడ గిన్నెలు లేవు కాబట్టి ఎంత కోపంగా ఉందో ఎవరికీ అంతుపట్టలేదు. రెండో రోజు మధ్యాహ్నం నన్ను వరండాలోకి పిలిచింది.

"పొలం దున్నకుండా వదిలేస్తే సర్కారు సబ్సిడీ ఇస్తుందట కదా. పాలవ్యాను అబ్బాయి చెప్పాడు. ఆ ఆఫీసు ఎక్కడే?"

నేనప్పట్లో టౌన్లో మందుల షాపులో పనిచేస్తున్నాను. వ్యవసాయ ఆఫీసు మా షాపు వెనక వీధిలోనే. భోజనం వేళకి సెలవు అడిగి ఆవిడని తీసుకెళ్ళాను. పొడుగాటి గది, గోడ పొడుగునా బెంచీలు, వాటి మీద ప్లాస్టిక్ సంచులు ఒళ్ళో పెట్టుకున్న రైతులు. కౌంటరులో ఉన్న గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"పొలం ఎవరి పేరున ఉంది?"

"మా ఆయన పేరున."

"ఆయన రాలేదా?"

"ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ పొలమే పంపించింది."

పక్క బల్ల దగ్గర మ్యాపులు మడతపెడుతున్న ఒక అమ్మాయి ఈ మాటకి తలెత్తింది. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. కాళ్ళకి తన కొలత కాని పెద్ద బూట్లు వేసుకుంది. పెద్దమ్మని తన బల్ల దగ్గర కూర్చోబెట్టి, పథకమేంటో విడమరిచి చెప్పింది. వాగుల పక్కన వాలుగా ఉన్న పొలాల్లో పంట వేస్తే మట్టి కొట్టుకుపోతోంది, నీళ్ళు పాడవుతున్నాయి. అందుకని పదేళ్ళ పాటు అక్కడ దున్నకుండా, గడ్డి పెంచి, ఒడ్డున మొక్కలు నాటితే పంట నష్టానికి బదులుగా ఏటా ఇంత అని ఇస్తారు. దున్నితే ఆ ఏడాది డబ్బు ఆగిపోతుంది.

పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "డబ్బు ఆపితే ఆపండమ్మా. ఆయన దున్నుతూ కనిపిస్తే కాస్త గట్టిగా కేకలెయ్యడానికి మీకు పవరుంటుందా?"

ఆ అమ్మాయి నవ్వాపుకోవడానికి మ్యాపులోకి చూసింది. "వచ్చి చూసి వెళ్ళేది నేనేనండి. కేకలు నాకు సరిగ్గా రావు. ప్రయత్నిస్తాను."

కాగితం పట్టుకుని ఆస్పత్రికి తిరిగొచ్చాం. పెద్దనాన్న చదివాడు. మళ్ళీ చదివాడు. ముఖం ఎర్రబడింది.

"నా పొలం అమ్మేస్తున్నావా?"

"అమ్మట్లేదు. పడుకోబెడుతున్నాను."

"పొలం పడుకుంటే నేనేం చెయ్యాలి?"

"మీరూ పడుకోండి."

"పని చెయ్యనందుకు కూలి తీసుకోమంటావా? నలుగురూ నా మొహాన ఉమ్మరూ?"

పెద్దమ్మ స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుంది. "ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఇది కావాలని నోరు తెరిచి అడిగానా నేను? ఇంజను ఆపిన చెయ్యి ఇంకా వణుకుతోంది చూడండి" అని కుడిచెయ్యి ఆయన ముందు చాపింది. ఆయన ఆ చేతికేసి కాసేపు చూసి, "పెన్నియ్యి" అన్నాడు. కుడిచెయ్యి కట్టులో ఉండడంతో ఎడంచేత్తో కోడి గీరినట్టు సంతకం పెట్టాడు. వాలుతో పాటు పై చెక్క కూడా రాయించేసింది పెద్దమ్మ. అదొక్కటీ వదిలితే దానికోసమని ట్రాక్టరు తీస్తాడని ఆవిడ భయం.

ఊళ్ళో వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి. టీ బంకు దగ్గర కనిపిస్తే చాలు, "అరవై దాటాక సర్కారు ఉద్యోగం కొట్టాడండీ మన దుక్కాయన. పన్లోకి వెళ్ళకపోవడమే పని" అనేవారు. అందరికంటే ఎక్కువ ఆడిపోసుకున్నది పెద్దమ్మ తమ్ముడే. ఆయనకి కనుచూపు మేర మొక్కజొన్న ఉంది. మేమంతా మొక్కజొన్న మావయ్య అంటాం. ఒకరోజు పెరట్లో మంచం మీద కూర్చుని, టీ తాగుతూ, "బావని చూస్తే కుళ్ళుగా ఉందక్కా. ఊరికే కూర్చోబెట్టి మేపుతున్నారు" అన్నాడు.

పెద్దమ్మ పాలు వడగడుతూనే అంది. "నీకు విత్తనానికి ఇస్తున్నారు. డీజిలుకి ఇస్తున్నారు. ధర పడితే ఇస్తున్నారు, వాన పడకపోతే ఇస్తున్నారు. నువ్వు పండించినందుకు తీసుకుంటున్నావు, మీ బావ పండించనందుకు తీసుకుంటున్నాడు. ఇచ్చే చెయ్యి ఒకటేరా. గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళు."

మావయ్య ఆ తరవాత కొన్నాళ్ళు ఆ ఊసెత్తలేదు. తన సబ్సిడీ కూడా సబ్సిడీయేనని ఆయనకి అంతవరకూ తట్టినట్టు లేదు. తన దృష్టిలో అది తన మొక్కజొన్నకి జరిగే మర్యాద.

పెద్దనాన్నకి మాత్రం ఆ ఏడాది నరకం. భుజం కుదుటపడింది గానీ మనసు కుదుటపడలేదు. పెద్దమ్మకి రెండు ఆవులున్నాయి, వాటి జోలికి ఆయన్ని రానిచ్చేది కాదు, ఆయన పిండితే పాలు ఇవ్వకుండా ఎగచేపుతాయని. దాంతో ఆయన ఇంటి మీద పడ్డాడు. తలుపులన్నిటికీ కొత్త గడియలు వేశాడు. మా ఇంటి తలుపులకి కూడా వేశాడు. కుళాయిలు విప్పి వాషర్లు మార్చాడు. ఒకరోజు నేను షాపు నుంచి వచ్చేసరికి నా సైకిలు ముక్కలు ముక్కలుగా పాత చాప మీద పరిచి ఉంది. "ఏం పాడైంది పెద్దనాన్నా?" అంటే, "ఏం లేదు, ఎలా ఉందో చూద్దామని" అన్నాడు.

పొలం వైపు చూడ్డానికి ఆయనకి మొహం చెల్లేది కాదు. ఎందుకంటే గడ్డితో పాటు కలుపు కూడా లేచింది, అదీ రోడ్డు మీది నుంచి కనిపించేలా. చివరికి ఉండబట్టలేక కొడవలి పట్టుకుని వెళ్ళి, రోడ్డు వార మాత్రం నున్నగా కోసేశాడు. సరిగ్గా ఆ రోజే మోటారు సైకిలు మీద ఆఫీసమ్మాయి వచ్చింది. మ్యాపు, టేపు చేత పట్టుకుని పొలాల్లో తిరిగే ఆ అమ్మాయిని అప్పటికే ఊళ్ళో కొలతలమ్మాయి అంటున్నారు.

"పెద్దాయనా, ఇది పిట్టలు గుడ్లు పెట్టే కాలమండి. ఇప్పుడు కొయ్యకూడదు."

"కలుపు చూస్తుంటే ముద్ద దిగట్లేదమ్మా నాకు. దారిన పోయేవాళ్ళు ఏమనుకుంటారు? నేను పోయాననుకుంటారు."

"బోర్డు పెడతానండి. ఇది కావాలనే వదిలిన బీడు అని."

"బోర్డు వద్దు తల్లీ" అన్నాడు కంగారుగా. "కలుపే నయం."

ఆ అమ్మాయి ఆయన్ని కేకలెయ్యలేదు. ఇంటికొచ్చి పెద్దమ్మ ఇచ్చిన టీ తాగి, "చెప్పానండి. వింటారనే నమ్మకం లేదు" అని వెళ్ళిపోయింది.

నమ్మకం లేకపోవడమే మంచిదైంది. ఎందుకంటే మరుసటి ఏడాది పెద్దనాన్న దొంగతనం చేశాడు. గడ్డి నడుము ఎత్తు పెరిగింది. వాలు మధ్యలో, రోడ్డు మీంచి గానీ ఇంట్లోంచి గానీ కనపడని చోట, గునపంతో మంచమంత మేర తవ్వి బంగాళాదుంపలు పెట్టాడు. నడకకి వెళుతున్నానని పొద్దున్నే బయల్దేరేవాడు. డాక్టరు నడవమన్నాడు కదా అని పెద్దమ్మ కూడా సంతోషించింది. "రోడ్డు మీద నడిస్తే బూట్లకి ఇంత మట్టేంటండీ?" అని ఒకసారి అడిగితే, "రోడ్డు బాగాలేదు" అన్నాడట. అబద్ధం ఆడడం అలవాటు లేని మనిషి కాబట్టి అప్పుడు కూడా తలుపు గడియకేసి చూస్తూ చెప్పాడట.

మొక్కలు బాగానే వచ్చాయి. మొదళ్ళకి మట్టి ఎగదోసే వేళకి ఒకరోజు వెళ్ళి చూస్తే, వరస చివర, ఆకుల కింద ఒక పూరేడు పిట్ట పొదిగి కూర్చుని ఉంది. ఈయన్ని చూసి ఎగరలేదు. మెడ లోపలికి లాక్కుని అలాగే కూర్చుంది. ఈయన గునపం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ సంగతి చాలా రోజుల తరవాత నాకు చెప్పినప్పుడు కూడా ఆయన గొంతు తగ్గించాడు, అది వింటుందేమో అన్నట్టు. "నేను ఒక్క అడుగు వేస్తే లేచిపోయేది. వెయ్యలేకపోయాను. అంత చిన్నదానికి అంత మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో" అన్నాడు. ఆ రోజు నుంచి దుంపల మడి దగ్గరికి వెళ్ళలేదు. దూరంగా గట్టు మీద కూర్చుని చూసి వచ్చేవాడు. కూర్చుని. మా పెద్దనాన్న. ఎవరైనా చెబితే మేము నమ్మేవాళ్ళం కాదు.

కొలతలమ్మాయి ఆ నెలలోనే తనిఖీకి వచ్చింది. పెద్దనాన్న తోడు వెళ్ళాడు. ఈ వైపు చూపిస్తాను రా అని, ఆ వైపు ముళ్ళున్నాయమ్మా అని, వాలంతా చుట్టు తిప్పాడు. కొంతసేపటికి ఆయనకే చెమటలు పట్టేశాయి. నిలబడిపోయాడు.

"ఇంక నా వల్ల కాదమ్మా. అటు మధ్యలో దుంపలు పెట్టాను. రాసుకో. కానీ ఇప్పుడు వెళ్ళి చూడకు. పిట్ట కూర్చుంది."

ఆ అమ్మాయి పెన్ను తీసి మళ్ళీ మూత పెట్టింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదండి."

"తెలుసు. అందుకే చెప్పాను. నీ ఉద్యోగం నీది, రాయి."

రాసింది. రాయక తప్పదు. ఆ ఏడాది డబ్బు ఆగిపోయింది. పెద్దమ్మ డబ్బు గురించి ఏమీ అనలేదు. బూట్ల మట్టి గురించి అంది. గిన్నెలు వారం పాటు మోగాయి. పిట్ట పిల్లలు ఎగిరిపోయాక, ఆఫీసు అనుమతి తీసుకుని, పెద్దనాన్న ఆ దుంపలు తవ్వి తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టాడు. బుట్టెడు కూడా లేవు. సగం పచ్చబడిపోయాయి. పెద్దమ్మ ఒక దుంప చేతిలోకి తీసుకుని తూచినట్టు పట్టుకుంది.

"జిల్లా మొత్తానికి ఇంత ఖరీదైన దుంప ఎవరూ తిని ఉండరు. తొక్క తియ్యను, అలాగే వండుతాను" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఒకేసారి నవ్వేశారు. ఆ వేళ మమ్మల్నందర్నీ భోజనానికి పిలిచారు. మావయ్యకి మటుకు ఒక్కటే దుంప వేసింది, ఎక్కువ వేస్తే అరగదని.

మూడో ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వాన వెలిసిన ఒక ఆదివారం, ముతక చొక్కా తొడుక్కున్న ఒక ముసలాయన పాత మోపెడ్ మీద మా పెరట్లోకి వచ్చాడు. మేమెవరం ఎరగం. బండి స్టాండు వేసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, చాలా గంభీరంగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నేను కింద టౌను నీళ్ళ పంపుహౌసులో పని చేస్తాను. పైన వాలు పొలం మీదేనటగా?"

"మాదే."

"పెద్దాయన పోయి ఎన్నాళ్ళైందమ్మా?"

పెద్దమ్మ చేతిలో చేట జారింది. "ఎవరు పోయారు?"

"అంటే..." ఆయన తడబడ్డాడు. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానండి. వాన పడితే చాలు, ఎర్రమట్టి వచ్చి నా ఫిల్టర్లు పూడిపోయేవి. అడిగితే పైన ఒకాయన వాలు దున్నుతాడు అనేవారు. తిట్టుకునేవాణ్ణి, తప్పుగా అనుకోకండి. ఈ రెండేళ్ళుగా మట్టి తగ్గింది. ఇప్పుడింత వాన పడినా నీళ్ళు తేటగా వస్తున్నాయి. ఇంకేముంది, ఆయన పోయుంటాడు, పాపం అన్నేళ్ళు తిట్టాను కదా, ఒకసారి వెళ్ళి కనపడాలి అనుకుని..."

సరిగ్గా అప్పుడే పెద్దనాన్న చేతిలో కుళాయి పిడితో కొట్టంలోంచి బయటికి వచ్చాడు. "ఎవరే?" అన్నాడు.

"మీరు పోయారని పలకరించడానికి వచ్చారు. కూర్చోమనండి" అంది పెద్దమ్మ. అని లోపలికి వెళ్ళి, గోడకి ఆనుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నేను పక్కనే ఉన్నాను. ఆ నవ్వులో కొంత నవ్వు కాదు.

బయట పంపాయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. పెద్దనాన్నకి మొదట కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చివరికి ఆయనకి వచ్చింది కుతూహలం.

"నా మట్టి అక్కడిదాకా వచ్చేదా?"

"రావడమేంటండీ. మీ పొలం నేనెప్పుడూ చూళ్ళేదు గానీ నాకది బాగా తెలుసు. ఫిల్టరు కడిగిన ప్రతిసారీ చేతికి తగిలేది."

"కడిగి ఏం చేసేవాడివి?"

"వెనక పోసేవాణ్ణి. గుట్టయింది."

పెద్దనాన్న "పద" అని మోపెడ్ వెనక ఎక్కి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం చీకటి పడే వేళకి తిరిగొచ్చాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది. పంపుహౌసు వెనక ప్రహరీ పక్కన ఇంటి ఎత్తున ఒండ్రు గుట్ట ఉందట. పంపాయన ఎప్పుడో ఒకసారి దాని మీద టమాటా గింజలు విసిరితే మోకాళ్ళెత్తు మొక్కలు లేచాయట. కానీ ఆయనకి సేద్యం రాదు, కాయలు నేలకి తగిలి కుళ్ళిపోతున్నాయట. "కర్ర పాతి కట్టాలని కూడా తెలీదే పిచ్చివాడికి. నా మట్టి అంతా అక్కడుంది. పైపొర, మంచి పొర. నేను ఇక్కడ మిగిలిన రాళ్ళ నేలని దున్నుకుంటూ కూర్చున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు పెద్దమ్మతో. ఆ మాట బాధగా అన్నాడనుకున్నాను. కానీ అప్పటికే జేబులోంచి ప్లయరు తీసి, పెరట్లో మూలన ఉన్న తీగ చుట్టని ముక్కలు కత్తిరిస్తున్నాడు, కర్రలకి కట్టడానికి.

మర్నాటి నుంచి ఆయనకి ఉద్యోగం దొరికినట్టైంది. పొద్దున్నే టిఫిను డబ్బా కట్టించుకుని, నేను షాపుకి వెళ్ళే బస్సులోనే నాతో పాటు వచ్చేవాడు. పంపుహౌసు మలుపులో దిగిపోయేవాడు. గుట్టని మెట్లు మెట్లుగా చదును చేశాడు. చుట్టూ రాళ్ళు పేర్చాడు, చినుకు పడితే ఒక్క రవ్వ కూడా కదలకుండా. నీళ్ళ బోర్డు వాళ్ళ అనుమతి పంపాయన తెచ్చాడు. ఇద్దరికీ మాటల్లో పడేది కాదు. పంపాయన వాగుడుకాయ, ఈయన పని చేస్తూ ఊఁ కొట్టే రకం. ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళకి నేను వెళ్ళి చూస్తే, పంపాయన కుర్చీలో కూర్చుని ఫిల్టర్ల చరిత్ర చెబుతున్నాడు, ఈయన వంకాయ మొక్కల మధ్య గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఇద్దరూ సుఖంగా ఉన్నారు.

కూరగాయలు ఇంటికి తెచ్చేవాడు, మాకు పెట్టేవాడు, ఆఫీసు గుమాస్తాకి కూడా పంపేవాడు. కొలతలమ్మాయి మాత్రం తీసుకునేది కాదు, తనిఖీ చేసేదాన్ని కదండీ అని. పెళ్ళై ఆ అమ్మాయి సెలవు మీద వెళ్ళినప్పుడు ఈయన ఒక బుట్ట పంపాడు. "సెలవులో ఉన్నప్పుడు తనిఖీ చెయ్యవుగా, తిను" అని చెప్పమన్నాడు. ఈసారి తీసుకుంది.

వాలు మీద గడ్డి చిక్కబడింది. వాగు ఒడ్డున నాటిన మొక్కలు మనిషెత్తు దాటాయి. పదేళ్ళ గడువు ముగిసే ఏడాది మొక్కజొన్న ధర ఆకాశాన్ని అంటింది. మావయ్య వచ్చి కూర్చున్నాడు. "బావా, ఈ ఏడు బీడు పెట్టుకున్నవాడంత పిచ్చివాడు ఇంకోడుండడు. అందరూ దున్నేస్తున్నారు. ట్రాక్టరు నేను పంపుతాను" అన్నాడు. పెద్దనాన్న నాలుగు రోజుల పాటు గట్టు మీద కూర్చుని వచ్చాడు. పెద్దమ్మని అడిగితే, "ఒకసారి నా మాట విన్నారు. చాలు. ఈసారి మీ ఇష్టం" అంది.

పథకం పొడిగించే కాగితాలతో కొలతలమ్మాయే ఇంటికి వచ్చింది. ఇప్పుడామె ఆఫీసులో పెద్ద. బూట్లు సరిపోయేవి వేసుకుంటుంది. పెద్దనాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివాడు.

"వాలు అలాగే ఉండనియ్యమ్మా. పై చెక్క మాత్రం తప్పించు. అది చదునే కదా, దానికి ఈ పథకమెందుకు?"

"తప్పించవచ్చండి. డబ్బు ఆ మేరకి తగ్గుతుంది."

"తగ్గనీ. ఇంకొకటి. నాకు డెబ్భై దాటాయి. మధ్యలో నేను పోతే?"

"తరవాత ఎవరికి వస్తుందో వాళ్ళు కొనసాగించాలండి."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమే, నీకు దున్నడం వచ్చా?"

"రాదు పెద్దనాన్నా."

"మంచిది. నేర్చుకోకు" అని, కుడిచేత్తో నింపాదిగా సంతకం పెట్టాడు.

తొలి వాన పడ్డ మూడో రోజు కొట్టంలోంచి ట్రాక్టరు తీశాడు. ఎన్నో ఏళ్ళుగా వారం వారం స్టార్టు చేసి ఆపుతూనే ఉన్నాడేమో, ఒక్కసారికే అందుకుంది. పెద్దమ్మ వంటింట్లోంచి కుర్చీ తెచ్చుకుని పై చెక్క గట్టు మీద వేసుకుని కూర్చుంది. ఎండెక్కినా లేవలేదు. నేను గొడుగు తీసుకెళ్ళి ఇచ్చాను. ట్రాక్టరు ఈ కొస నుంచి ఆ కొసకి వెళుతూ, వాలు అంచుకి చాలా ముందే మలుపు తిరుగుతూ వచ్చింది. రోడ్డు మీద పోయే వాళ్ళు బండ్లు ఆపి, "ఏం దుక్కాయనా, మళ్ళీ మొదలా?" అని పలకరించారు. ఆయన చెయ్యి ఊపాడు.

పని అయ్యాక మెల్లగా దిగి, భుజం రుద్దుకుంటూ వచ్చి ఆవిడ పక్కన గట్టు మీద చతికిలబడ్డాడు. ఆవిడ నీళ్ళ సీసా అందించింది. ఆయన సగం తాగి సగం మొహాన పోసుకున్నాడు.

"రేపు కూడా ఉందా?" అంది పెద్దమ్మ.

"ఉంది. రేపు విత్తాలి."

"అయితే కుర్చీ ఇక్కడే ఉంచుతాను."